ఆ రోజు బ్లాకులు తడిగా ఉన్నాయి

ముప్ఫై ఏళ్ళు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పై అధికారులకు సంజాయిషీలు రాసుకుంటూనే ఉన్నాను. గుడ్లు ఎందుకు తక్కువయ్యాయి, రిజిస్టర్ ఎందుకు ఆలస్యమైంది, మీటింగుకు ఎందుకు రాలేదు, ఇలాంటివే అన్నీ. ఒక్కొక్కటీ రెండేసి పేజీలు. వాటిలో సగం అబద్ధాలేనని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం భయం లేదు, పెన్షన్ ఎలాగూ ఆగదు. ఒక్క సంజాయిషీ మాత్రం మూడే మాటల్లో రాశాను. అది అక్షరాలా నిజం.

కొత్తగా ఈ పనిలో చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మేడం, మీ అనుభవం ఏమైనా చెప్పుండ్రి" అంటారు. రూల్స్ నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఫోన్లో చకచకా అన్నీ నింపేస్తారు. వాళ్ళకు నేను చెప్పగలిగింది ఆ మూడు మాటల కథ ఒక్కటే.

అప్పట్లో నాకు ఆసిఫాబాద్ వైపు పోస్టింగ్. పుట్టింది మెట్‌పల్లిలో, కాపురం కరీంనగర్‌లో. పదిహేను రోజులకోసారి బస్సెక్కి ఇంటికి పోయి, రెండు రోజులు ఇంట్లోవాళ్ళ మీద అరిచి, మళ్ళీ డ్యూటీకి వచ్చేదాన్ని. నా కింద ఉన్న సెంటర్లలో ఒకటి, రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు నడిస్తే గానీ చేరని గూడెంలో ఉండేది. దీపావళి దీపాలు ఆరీ ఆరకముందే అక్కడ సగం ఇళ్ళకు తాళాలు పడేవి. ఆలుమగలు పిల్లల్ని చంకనేసుకుని చొప్పదండి వైపు ఇటుక బట్టీలకు పోయేవారు. తొలకరి పడితే పచ్చి ఇటుక ఎండదు, బట్టీ ఆగిపోతుంది. అప్పుడే తిరిగి వచ్చేవారు.

అలా పోయిన పిల్లల పేర్ల ఎదుట మేం ఎర్ర పెన్నుతో "వలస" అని రాయాలి. ఆ ఒక్క మాట రాస్తే ఆ పిల్లకు గుడ్డు లేదు, పాలు లేవు, బరువు తూచే పని లేదు. బట్టీ పక్క ఊరి పుస్తకంలో ఆ పిల్ల పేరు ఉండదు, ఆ ఊరిది కాదు గనక. మా పుస్తకంలో ఉంటుంది గానీ మనిషి ఉండదు. ఎదుగుదల చార్టులో నెల నెలా పెట్టే చుక్కలు జూన్ నుంచి దీపావళి దాకా నడిచి అక్కడ ఆగిపోయేవి. మళ్ళీ జూన్‌లో ఇంకెక్కడో, కింద మొదలయ్యేవి. నా రిజిస్టర్ ప్రకారం ఆ గూడెం పిల్లలు ఏడాదికి ఐదు నెలలే పెరుగుతారని మీటింగుల్లో జోకు వేసేదాన్ని. అందరూ నవ్వేవారు.

ఆ సెంటర్ టీచరు ఆ గూడెం కోడలే. నాకంటే పదేళ్ళు చిన్నది, నెమ్మదస్తురాలు. ప్రతి జూన్‌లోనూ ఆమెకు కొత్తగా మొదలుపెట్టడమే పని. పోయేముందు నేర్పిన పాటలు తిరిగొచ్చేసరికి పిల్లలు మరిచిపోయి ఉండేవారు. కొందరు గోడల మధ్య కూర్చోలేక గడప దగ్గరే కుక్కపిల్లల్లా ముడుచుకునేవారు. "ఏం ఫికర్ లేదు మేడం, మల్ల నేర్పిద్దాం" అనేది. ఆ ఓపిక చూస్తే నాకు ఒళ్ళుమండేది. ఓపిక ఎక్కువున్నవాళ్ళు రిజిస్టర్లు సరిగ్గా రాయరని నాకో గట్టి నమ్మకం.

ఆ ఏడు డిపార్టుమెంటు మాకొక సంచి ఇచ్చింది. పిల్లల బుద్ధి ఎదుగుదల చూడడానికట. అందులో గిలక్కాయ, అద్దం, ఎర్ర బంతి, బొమ్మల కార్డులు, ఎనిమిది చెక్క బ్లాకులు, ఒక ఫారం. ఏ వయసు పిల్లలు ఏం చేయగలగాలో ఫారంలో గళ్ళు గీసి ఉంటాయి. చేస్తే అవును, చేయకపోతే కాదు. లెక్క తప్పితే పెద్దాస్పత్రికి రాయాలి. మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. ఆ సంచి భుజాన పడ్డాక నేను సగం డాక్టరమ్మనైపోయాను. నా నడకే మారిపోయిందని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

జూలైలో ముసురు పట్టిన ఒక పొద్దున ఆ గూడెం పోయాను. అక్కడొక నాలుగేళ్ళ పాప ఉండేది. ఆరు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి ఏటా తల్లిదండ్రులతో బట్టీకి పోయి వస్తున్న పిల్ల. మనిషి పుల్లలా ఉండేది, కళ్ళు మాత్రం పెద్దవి. మాట్లాడదు, పాట పాడదు. ఆ పిల్ల గురించి టీచరు అప్పటికే ఒక యుద్ధం గెలిచి ఉంది. ఈసారి పాపను బట్టీకి తీసుకుపోవద్దు, బాపమ్మ దగ్గర, అదే నాయనమ్మ దగ్గర, ఉంచండి, ఈ ఏడంతా సెంటర్‌కు వస్తే వచ్చే జూన్‌లో బడిలో వేద్దామని ఇంటి చుట్టూ తిరిగి తిరిగి తండ్రిని ఒప్పించింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ పేరు ఎదుట ఎర్ర పెన్ను పడకుండా ఉండే అవకాశం.

పిల్లను పిలిచి కూర్చోబెట్టాను. బొమ్మల కార్డులో ఏనుగు చూపించాను, చేప చూపించాను. ఉలకలేదు పలకలేదు. పేరు అడిగితే టీచరు వైపు చూసింది. అప్పుడు బ్లాకులు తీశాను. అంతకు ముందే ఒక చంటివాడు వాటినన్నింటినీ నోట్లో పెట్టుకుని చీకాడు. సెంటర్‌లో సాయానికి ఉండే ఆయమ్మ వాటిని బకెట్లో ముంచి కడిగి, కొంగుకు అద్దీ అద్దనట్టు అద్ది తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇగో బిడ్డా, ఒకదాని మీద ఒకటి పెట్టు. ఇట్ల" అని కట్టి చూపించాను.

పాప ఒక బ్లాకును చేతి వెనకవైపుతో ముట్టుకుంది. నేను కట్టినదాన్ని ఒక్కొక్కటే దించేసింది. అన్నింటినీ నేల మీద వరుసగా పెట్టింది, రెండు వేళ్ళ ఎడం ఒకటీ తప్పకుండా. తర్వాత మొదటి దగ్గరికి పోయి దాన్ని పక్కకు తిప్పింది, తర్వాత రెండోది, మూడోది. ఎనిమిదీ అయ్యాక గొంతుక్కూర్చుని వాటినే చూస్తూ ఉండిపోయింది. నేను మళ్ళీ కట్టి చూపించాను. మళ్ళీ దించింది, వరుస పెట్టింది, తిప్పింది. మూడోసారీ అంతే. మూడుసార్లూ ఎంత ఓపికగా చేసిందో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది. ఆ రోజు మాత్రం నేను గడిలో కాదు అని రాశాను. దాని కింద గడిలోనూ కాదు, ఆ కింద కూడా కాదు.

టీచరు మెల్లగా అంది: "మేడం, గా పిల్లకు బుద్ధి మంచిగనే ఉంటది. కొత్తోళ్ళను చూస్తే జర బెదురుతది. ఇంకో వారం ఆగి చూద్దామా?"

"ట్రైనింగ్‌కు నువ్వు పోయినవా, నేను పోయిన్నా?" అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి.

బాపమ్మను పిలిపించి చెప్పాను. "అమ్మా, నీ మనుమరాలికి బుద్ధి ఎదగలే. కరీంనగర్ల పెద్ద డాక్టర్లకు చూపియ్యాలె."

ముసలామె నా మొహంలోకి చూసి, "గదేంది బిడ్డా, నా గొంగడి ఎండకేసి, మళ్ళ మడతపెట్టి తెస్తది గదా" అంది. ఆ మాటకు నా ఫారంలో గడి లేదు. ఆస్పత్రికి రాసిన కాగితం మీద సంతకం చేసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని మడిచి, కళ్ళకద్దుకుని, బొడ్డు సంచిలో దాచుకుంది.

ఫారం చెప్పిందని నేను నమ్మాను, నేను చెప్పానని గూడెం నమ్మింది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు. పెద్ద మేడం రాసిచ్చిందట, ఆ పిల్లకు మెదడు లేదట అనే మాట వారం తిరక్కుండా అన్ని ఇళ్ళకూ చేరిపోయింది.

దీపావళి వెళ్ళాక నేను రిజిస్టర్ చూస్తే ఆ పేరు ఎదుట ఎర్రగా "వలస" అని ఉంది. "ఈసారి పంపరంటివి గదా?" అని టీచరును అడిగాను. ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. "వాళ్ళ బాపు నా మాట ఇనలే మేడం. మెదడు లేని పిల్లను బడిల కూసోబెట్టి ఏం లాభం, బట్టీ కాడనైతే కండ్ల ముంగట ఉంటదన్నడు. తోలుకపోయిండు."

నాకు బుద్ధి అప్పుడే వచ్చి ఉంటే ఈ కథ ఇంకాస్త గౌరవంగా ఉండేది. నిజం చెప్పాలి గదా, నాకు వచ్చింది విసుగే. నేను ఆస్పత్రికి రాసిన పిల్ల ఆస్పత్రికి చేరకపోతే నా లెక్క తప్పుతుంది. నెల నెలా "పెండింగ్ ఒకటి" అని పై నుంచి అడుగుతున్నారు. జనవరిలో ఒక శనివారం ఇంటికి పోతూ, సంచి భుజాన వేసుకుని చొప్పదండిలో బస్సు దిగాను. ఆ తల్లిదండ్రులను నాలుగు కేకలేసి, పిల్లను సోమవారం కరీంనగర్ ఆస్పత్రికి తెమ్మని చెప్పడానికి. ఆటోవాడు నన్ను పొలాల మధ్య బట్టీ దగ్గర దించేసరికి పదకొండు దాటింది.

అంతకు ముందు నేను ఇటుకను గోడలోనే చూశాను. అక్కడ నేల కనబడినంత మేరా ఇటుకలే. అచ్చుల్లోంచి అప్పుడే బోర్లించిన పచ్చి ఇటుకలు, నల్లగా, వరుసలు వరుసలుగా. ఇటుకకూ ఇటుకకూ మధ్య రెండు వేళ్ళ ఎడం.



ఆ వరుసల మధ్య పాప గొంతుక్కూర్చుని ముందుకు జరుగుతోంది. ఒక్కో ఇటుకనూ చేతి వెనకవైపుతో ముట్టుకుంటోంది. కొన్నింటిని రెండు చేతులా పట్టి పక్కకు తిప్పి నిలబెడుతోంది. కొన్నింటిని ముట్టుకుని వదిలేస్తోంది. తిప్పినదానికీ వదిలినదానికీ తేడా ఏమిటో నా కళ్ళకు కనిపించలేదు. ఎంచి చేస్తోందా, తోచినట్టు చేస్తోందా అని అనుమానం వచ్చి, వంగి, ఆమె వదిలేసిన ఇటుకను ఒకటి లేపాను. అది నా చేతిలో నడిమికి విరిగింది. పాప తలెత్తి చూసింది. జూలైలో నేను ఆమెను చూసిన చూపు అచ్చం అదే. ఆ రెండు ముక్కలూ నా చేతిలోంచి తీసుకుని, పోయి బురద కుప్పలో వేసి వచ్చింది.

తండ్రి పరుగున వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ, "తప్పైంది మేడం, దావఖానకు తోలుకపోలే" అన్నాడు. నేను కేకలేయడానికి వచ్చానన్న సంగతే మరిచిపోయాను.

"ఈ పని ఎవరు నేర్పిండ్రు దీనికి?" అని అడిగాను.

"ఎవరు నేర్పలే మేడం. పచ్చిగున్నప్పుడు లేపితే ఇరుగుతది. అంత ఎండినంక తిప్పితే అప్పటికే వంకర పోయుంటది. నడుమ ఒక పదునుంటది. అది కంటికి కానరాదు, చేతికే తెలుస్తది. నాకు తెలిసేతందుకు మూడు సీజన్లు పట్టింది." సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "గీమె తిప్పిన వరుసల ఒక్కటి ఇరగది. మెదడు లేకున్నా చెయ్యి మంచిది."

ఆ మాట అతనిది కాదు, నాది. నేను రాసిచ్చిన మాటే ఆరు నెలలు ఊళ్ళు తిరిగి నా దగ్గరికే వచ్చింది.

అక్కడే ఇసుకలో కూర్చుని సంచి విప్పాను. పాపను పిలిచి ఎనిమిది బ్లాకులూ ముందు పోశాను. ఒకదాని మీద ఒకటి పెట్టమని చెప్పలేదు. ఏమీ చెప్పలేదు.

పాప ఒక బ్లాకును చేతి వెనకవైపుతో ముట్టుకుంది. ఇంకోదాన్ని ముట్టుకుంది. ఎనిమిదింటినీ ముట్టుకుని, అచ్చు కొడుతున్న తల్లి వైపు తిరిగి, "ఎండినయ్" అంది. ఆ గొంతు నేను వినడం అదే మొదలు. తర్వాత రెండు బ్లాకులు ఎడంగా పెట్టింది. వాటి మీద అడ్డంగా రెండు. వాటి మీద మళ్ళీ నిలువుగా రెండు, మళ్ళీ అడ్డంగా రెండు. ఎనిమిదీ ఎక్కించేసింది. నాలుగు వైపుల నుంచీ గాలి పోయేలా సందులున్నాయి. తల ఎత్తి చూస్తే, ఆమె వెనక ఎండిన ఇటుకలన్నీ మనిషెత్తు అలాగే పేర్చి ఉన్నాయి.

నా ఫారం అడిగింది ఉత్త కట్టడం. ఈమె కట్టింది గాలి ఆడే కట్టడం.

అప్పుడు గుర్తొచ్చింది బకెట్. ముసురు, చంటివాడి చొంగ, ఆయమ్మ అద్దీ అద్దని కొంగు. ఆ రోజు బ్లాకులు తడిగా ఉన్నాయి. తడివాటిని పేర్చకూడదు. పేరిస్తే కిందివి నలుగుతాయి, అడుగు వరుస చెమ్మ పట్టిపోతుంది. ముందు ఎడంగా ఆరబెట్టాలి, పక్కలు తిప్పాలి, ఎండేదాకా కూర్చుని చూడాలి. ఆ నాలుగేళ్ళ పిల్ల మూడుసార్లు నాకు అదే చెప్పింది. మూడుసార్లూ నేను కాదు అని రాశాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అంత పెద్ద తెలివి ముందు కూర్చోవడం నాకు అదే మొదలు. అంత గుడ్డిగా కూర్చోవడమూ అదే.

మీరు ఇక్కడ చప్పట్లు కొట్టి ఊరుకుంటారేమోనని నా భయం. నేనూ ఆ క్షణాన కొట్టబోయినదాన్నే. కానీ సంచిలో నేనెప్పుడూ వేసుకు తిరిగే జబ్బ కొలత పట్టీ కూడా ఉంది. పాప జబ్బకు చుడితే గుర్తు, పిల్ల చిక్కిపోయిందని చెప్పే పసుపు రంగు మీద ఆగింది, జూలైలో అది ఆకుపచ్చ మీద ఉండేది. మడమలు పగిలి నెత్తురు చార కట్టి ఉంది. చేప బొమ్మ ఇంకా తెలియదు. ఒక పాట రాదు. ఆ పిల్ల బుర్రకు అందినది ఒక్క ఇటుకే, ఆ ఒక్కదాన్నే అడుగు ముట్టేదాకా నేర్చేసుకుంది. ఇంకో పది వస్తువులు అందిస్తే?

తండ్రితో చెప్పాను. "తమ్ముడూ, నేను తప్పు రాసిన. నీ బిడ్డకు ఏ లోపం లేదు."

అతను నమ్మలేదు. "మీరు రాసింది తప్పెట్లయితది మేడం? సంతకం ఉన్నది గదా" అన్నాడు.

అప్పటిదాకా మాట్లాడని తల్లి లేచింది. మోచేతుల దాకా బురద. నాతో కాదు, మొగుడితో అంది: "నేను చెప్పలేనా నీకు? నా బిడ్డకు తెలివున్నదని మొత్తుకోలేనా? కాయితం మాట ఇన్నవ్, నా మాట ఇనలే." అతను తల దించుకున్నాడు. ఆ తల్లి నా వైపు తిరిగింది. "ఆడ ఉంటే దానికి చదువుంటది మేడం, నేనుండ. ఈడ ఉంటే నేనుంట, చదువుండది. గీ రెండు ఒక్క తాన ఎందుకుండయ్?"

నేను ముప్ఫై ఏళ్ళలో ఎన్నో మీటింగులకు పోయాను. ఎవరూ అంత సూటి ప్రశ్న అడగలేదు. ఆమే చీర కొంగుతో పాప మొహం తుడిచి, "గూడెం పంపుదాం తియ్" అంది. పిల్ల మొహానికి బురద ఇంకాస్త అంటింది.

నా సంచిలోనే ఉన్న పాత ఫారం మీద ఎర్రగా అడ్డంగా కొట్టేసి, ఇటుకల పేర్పు మీదే కాగితం పెట్టి కొత్తది నింపాను. ఆఫీసు కాగితం అలా కొట్టేయకూడదు. నెల తిరక్కుండా మెమో వచ్చింది, కొట్టివేతకు కారణం తెలపాలని. రెండు పేజీలు రాయడానికి కూర్చుని, మూడు మాటలు రాసి సంతకం పెట్టాను: బ్లాకులు తడిగా ఉన్నాయి.

నా పై అధికారి, మా ప్రాజెక్టు మేడం, కరీంనగర్ ముస్లిం ఇంటి ఆడపడుచు, కోపం వస్తే ఉర్దూలోకి దిగేది. కాగితం పట్టుకుని, "క్యా హై యే? పరేషాన్ చేస్తున్నవా నన్ను?" అంది. కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆమె ఒకసారి తన చేతి వెనకవైపు చూసుకుంది. టేబుల్ మీది గాజు గ్లాసును దాంతో ముట్టుకుని చూసింది. ఆ సంజాయిషీ మీద మరేమీ రాయకుండా ఫైల్లో పెట్టేసింది. ఆ తర్వాత మా ప్రాజెక్టులో ఏ పిల్ల గురించైనా రాసేముందు తల్లినీ టీచరునూ అడగాలని నోటి మాటగా ఒక రూలు పెట్టింది.

ఫిబ్రవరిలో తండ్రి పాపను తెచ్చి బాపమ్మ దగ్గర దించి, అదే బస్సుకు తిరిగిపోయాడు. నేను టీచరుకు క్షమాపణ చెప్పుకున్నాను. "గదేంది మేడం" అని ఆమె టీ పెట్టడానికి లేచిపోయింది. అంతా సుఖాంతమని మీరనుకోకండి. పాప మొదటి పదిహేను రోజులు సరిగ్గా తినలేదు. మధ్యాహ్నం కాగానే వాకిట్లోకి పోయి పిల్లల చెప్పులన్నీ రెండు వేళ్ళ ఎడంతో వరుస పెట్టి, ఒక్కొక్కటే పక్కకు తిప్పేది. నేనైతే వద్దనేదాన్నే. టీచరు మాత్రం కడిగిన పళ్ళాలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఇరవై పళ్ళాలు, ఎండలో, వరుసగా. అవి ఆరే వరకు టీచరు పక్కన కూర్చుని ఒక పాట పాడేది. ఏప్రిల్ వచ్చేసరికి పాట రెండు గొంతుల్లో వినిపించింది. చార్టులో చుక్కలు ఒకదాని పక్కన ఒకటి, తెగకుండా, మెల్లగా పైకి ఎక్కాయి. ఏనుగు తెలిసింది, చేప తెలిసింది. అక్కడ అవ్వ అంటే తల్లి; అవ్వ బొమ్మ గీయమంటే రెండు పెద్ద చేతులు గీసి ఆపేసేదట.

జూన్‌లో బడిలో చేర్పించే కాగితాలు నింపడానికి నేను గూడెం పోయాను. పాపను ముందు కూర్చోబెట్టుకుని ఫారం తీశానో లేదో, తొలకరి పడింది. పిల్లలందరూ కేకలేస్తూ గడప మీదికి ఉరికారు. పాప అరవలేదు. పళ్ళాలు లోపలికి చేరేసి, గడప దగ్గరికి పోయి, వానలోకి చేయి చాపింది, వెనకవైపు పైకి పెట్టి. చాలాసేపు అలాగే నిలబడింది.

"ఇగ ఇటుకలు ఎండయ్" అంది ఎవరితోనో కాదు, వానతోనే. తర్వాత మా వైపు తిరిగి, "అవ్వ వస్తది" అంది.

రెండు మూడు సంగతులు కలిపి ఆలోచించగలదా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. నేను పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. "రాయుండ్రి మేడం" అని టీచరు గుర్తు చేసింది. అవును అని రాశాను.

ఆ తర్వాత మూడు రోజులు పాప ఆ గడప వదల్లేదట. నాలుగో నాడు టీచరు ఫోన్ చేసింది. "వచ్చిండ్రు మేడం, ఆలుమగలు ఇద్దరు, నడి వానల. పిల్ల ఉరకలే, ఏడ్వలే. తల్లి కూసుంటే ఎదురుంగ నిలవడి, మెల్లగ చెయ్యి ఎనుక తోటి ఆమె చెంప ముట్టింది. 'తడిసినవ్ అవ్వా' అన్నది. లోపటికి పోయి వాళ్ళ బాపమ్మ గొంగడి తెచ్చి కప్పింది."

నేను ఫోను పెట్టేశాను. ఆ పూట ఏ రిజిస్టరూ ముట్టుకోలేదు.